కంపౌండరోళ్ల కత్తెర

నాకు జరిగిన అవమానాలు నేను మరిచిపోను. ఏ పెళ్ళిలో నన్ను మూడో పంక్తి దాకా నిలబెట్టారో, ఎవరు నా దుకాణం మెట్ల మీదే నిలబడి వేరే దర్జీ ఎక్కడుంటాడని అడిగారో, ఎవరు పండగకు పిలిచి గడప దాకా ఎదురు రాలేదో, అన్నీ నాకు జ్ఞాపకమే. నేను రాసిన అర్జీల నకళ్ళు ఒక రేకు పెట్టె నిండా ఉన్నాయి. మా ఆవిడ నన్ను అర్జీల పటేలు అంటుంది. అది కూడా నాకు గుర్తుంది. మొదటిసారి ఆమె ఆ మాట తన అన్న ముందు అన్నది.

ఇప్పుడు రాస్తున్నది మాత్రం ఎవరి మీదా ఫిర్యాదు కాదు. నేను చేసిన పని. ఇతరుల తప్పులు రాసీ రాసీ అలవాటైన చెయ్యి కావడం వల్ల, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక మూడు కాగితాలు చించేశాను.

కత్తెరతోనే మొదలుపెడతాను.

మాది మెదక్ పట్టణమే. బస్టాండుకు దగ్గరలో నాకు దర్జీ దుకాణం ఉంది. నేను చెబుతున్నది దుకాణంలోని కత్తెర కాదు, ఇంట్లో దేవుని అరలో ఎర్ర గుడ్డలో చుట్టి ఉండేది. మా తాత సంపాదించింది. జానెడు పొడవు కూడా ఉండదు. కోసే అలుగులు పొట్టివి, మొనలు గుండ్రం. పిడుల లోపలి వైపు పళ్ళు పళ్ళుగా గరుకు ఉంటుంది. ఒక పిడి చివర చిన్న సుత్తిలాంటి బొడిపె. రెండు పిడుల మధ్య, చాకులా మడిచి దాచుకునే ఇనుప తీగ ఒకటి. గోటితో లాగితే బయటకు వస్తుంది. ఐదారు మెలికలు తిరిగి, చివర సూదిలా ఉంటుంది. అలుగు మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు ఉండేవి. ఏటా దసరాకు చింతపండుతో తోమీ తోమీ అవి అరిగిపోయాయి.

మా తాత ఇక్కడి ఒక తెల్ల డాక్టరు బంగ్లాలో పనిచేశాడు. ఆ డాక్టరు తన దేశం వెళ్ళిపోతూ ఇచ్చిన కత్తెర ఇది. ఇంతవరకు నిజం. దీని మీద మా ఇంట్లో ఒక కథ పెరిగింది. తాత ఆ డాక్టరు దగ్గర కంపౌండరు. ఒకసారి వేటకు పోయిన దొర ఒకడికి తొడలో తూటా దిగితే, డాక్టరు ఈ మెలికను లోపలికి తిప్పి తూటాను బయటకు లాగాడు, మా తాత దీపం పట్టుకున్నాడు. మా నాయన ఈ కథ చెప్పేటప్పుడు చూపుడువేలు గాలిలో తిప్పేవాడు. మా గల్లీలో మమ్మల్ని కంపౌండరోళ్లు అంటారు. ఇంటిపేరు అడిగితే ఎవరూ చెప్పలేరు కాని, కంపౌండరోళ్ల ఇల్లు అంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు.

మా వైపు బాలింత తల కింద, పసిబిడ్డ పక్క కింద ఇనుము పెడతారు. గాలి, ధూళి సోకకుండా. కొడవలో, కత్తో, ఏదో ఒకటి. మా గల్లీలో మాత్రం కంపౌండరోళ్ల కత్తెర పెట్టేవారు. డాక్టరు చేతి ఇనుము కదా, దానికి బలం ఎక్కువని నమ్మకం. ఏ ఇంట్లో కాన్పు అయినా తలస్నానం చేసిన ఆడమనిషి ఒకతె పళ్ళెంలో పసుపు కుంకుమ పెట్టుకుని వచ్చి అడిగి తీసుకునేది. ఇరవై ఒకటో దినం, బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల అయ్యాక అదే పళ్ళెంలో తెచ్చి ఇచ్చేది. చేతికి ఇవ్వకూడదు, కింద పెట్టాలి. ఆ పళ్ళెం మా గడప మీద పెట్టి వాళ్ళు వంగినప్పుడు మా అమ్మ ముఖం ఎలా ఉండేదో, నా ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది. మా గల్లీలో ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళలో చాలామంది ఆ కత్తెర మీద పడుకుని పెరిగినవాళ్ళే.

నలభై ఏళ్ళుగా కత్తెరతో బతుకుతున్నాను. ఆ అలుగులు మనిషి చర్మం కోయడానికి చేసినవి కావని నాకు చేతిలోకి తీసుకున్న మొదటి రోజే తెలియాలి. తెలిసే ఉంటుంది. తెలుసుకోదలచుకోలేదు.

నా కూతురిని రేగోడు దగ్గరి ఊరికి ఇచ్చాను. వియ్యంకుడు నాకంటే ఆరేళ్ళు పెద్ద. చిన్నప్పుడే హైదరాబాదు పోయి, అక్కడ పెద్దవాళ్ళు వచ్చే ఒక క్లబ్బులో బేరరుగా చేరి, రిటైరయ్యేదాకా అక్కడే చేశాడు. ఇప్పుడు ఊళ్ళో రెండెకరాలు చూసుకుంటున్నాడు. నెమ్మదైన మనిషి. మన ముందు గ్లాసు పెట్టినా చప్పుడు రాదు. సంబంధం మాట్లాడేటప్పుడు ఆయన చేసిన పని సంగతి నేను మా బంధువులకు చెప్పలేదు. "హైదరాబాదుల క్లబ్బుల నౌకరీ" అని ఊరుకున్నాను. అదీ రాయాలి కనుక రాస్తున్నాను.

కూతురు కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. కత్తెర పక్క కింద పెట్టాం. తొట్టెల నాడు ఇల్లంతా చుట్టాలు. ఆడవాళ్ళు బిడ్డను ఎత్తుకుని పక్క సర్దుతుంటే కత్తెర బయటపడింది. వియ్యంకుడు దాన్ని చూసి ముందుకు వచ్చాడు. ఎన్నాళ్ళకో కనిపించిన స్నేహితుడిని చూసినట్టు ఆయన ముఖం వెలిగింది.

"ఓర్నీ! గిది మీ ఇంట్ల ఎట్లున్నది బావా?" అన్నాడు.

"మా తాతది. డాక్టర్ కత్తెర" అన్నాను.

ఆయన వేలితో ఆ మెలికను బయటకు లాగాడు. అది ఎక్కడుందో వెతుక్కోలేదు.

"డాక్టర్‌ది కాదు బావా. గిది కార్కు స్క్రూ. మా క్లబ్బుల అద్దాల బీరువాల గిసొంటిది ఒకటి ఉంటుండె. వైన్ సీసా మూతి మీద మైనం, రేకు ఉంటయి సూడు, గవి కత్తిరించెతందుకు కత్తెర. గీ మెలిక బిరడాల దింపి గుంజెతందుకు. గీ పండ్లు బాదం కాయలు పగలగొట్టెతందుకు. అన్నీ ఒక్కదాంట్లనే. మస్తు పాత సామాను."

ఆయన వేళాకోళం చేయలేదు. ఇప్పుడు ఎన్నిసార్లు తలచుకున్నా ఆ గొంతులో వేళాకోళం దొరకడం లేదు. కాని మా మేనత్త కొడుకు నవ్వాడు. "అంటే గింతమంది పోరగాండ్లను సారా సీసా మీద పండవెట్టిండ్రా?" అన్నాడు. ఇల్లంతా నవ్వింది. ఇంకెవరో, "మీ తాత దీపం పట్టిండా, గ్లాసు పట్టిండా?" అన్నారు. మళ్ళీ నవ్వు. పళ్ళేలు పట్టుకుని మా గడపకు వంగిన ఆడవాళ్ళే కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

అప్పుడు నేను వియ్యంకుడి వైపు తిరిగి అన్నాను: "జిందగీ అంతా ఎంగిలి గ్లాసులు కడిగినోనికి ఏది సూసినా సీసాలే కండ్లవడ్తయి."

నవ్వు ఆగిపోయింది. ఆయన మెలికను నెమ్మదిగా మడిచాడు. కత్తెరను నా చేతికి ఇవ్వలేదు. నేల మీద పెట్టాడు. "నాకు తెల్సింది చెప్పిన బావా" అని బయటకు పోయి అరుగు మీద కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే వచ్చాడు. తిన్నాడు. నాకు చెప్పే వెళ్ళాడు. ఇన్ని మర్యాదలు చేసిన మనిషి నన్ను అవమానించాడని నేను కూర్చున్నాను.

మూడో నెలలో కూతురికి ఒడిబియ్యం పోసి అత్తగారింటికి పంపాలి. అల్లుడు ఫోను చేస్తే, "మీ నాయినను పెద్దమనుషులను తోల్కొని రమ్మను. మా ఇంటి ఇనుమును పది మంది ముందు సారా సామాను అన్నడు. పది మంది ముందు తప్పయిందని చెప్తే పంపుత" అన్నాను.

అల్లుడు, "మామా, ఎంగిలి గ్లాసుల మాట మీరన్లేదా?" అన్నాడు.

"మొదలు పెట్టింది ఎవరు?" అన్నాను. ఏ తగాదాలోనైనా నేను అడిగే ప్రశ్న ఇదే.

మూడో నెల పోయింది. నాలుగో నెల సగమైంది. మా ఇంట్లో నా కూతురు, నా భార్య ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, నేను వస్తే ఊరుకుంటారు. అల్లుడు ఆదివారం వచ్చి, బయట బండి మీదే కూర్చుని బిడ్డను కాసేపు ఎత్తుకుని పోయేవాడు. లోపలికి రాలేదని అది కూడా మనసులో పెట్టుకున్నాను.

సాక్ష్యం సంపాదించాలని నాకు పట్టుదల పెరిగింది. ముందు పట్టణంలో ప్రాక్టీసు మానేసిన ముసలి డాక్టరు ఒకాయన దగ్గరకు పోయి, ఇది వైద్యుల పనిముట్టని కాగితం మీద రాసి సంతకం చేయమన్నాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "దీంతోని తూటా తీస్తే తూటా వస్తదో రాదో గాని పాణం మాత్రం బయటికొస్తది" అని తిరిగి ఇచ్చేశాడు. ఆయనకు పాత వైద్యం తెలియదనుకున్నాను. ఒక గురువారం కత్తెరను జేబులో పెట్టుకుని హైదరాబాదులో పాత సామాన్ల బజారుకు పోయాను.

అక్కడ ఒక ముసలాయన గోనె బోరె పరిచి తాళాలు, గడియారాలు, ఇత్తడి కుళాయిలు అమ్ముతున్నాడు. కత్తెర చూపించి, "ఇది డాక్టర్‌లు వాడేదే కదా?" అన్నాను. ఆయన నవ్వలేదు. ఒక సంచిలో చెయ్యి పెట్టి వెతికి, తుప్పు పట్టినది ఇంకొకటి తీసి నా కత్తెర పక్కన పెట్టాడు. అవే పొట్టి అలుగులు, అదే గరుకు, అదే మెలిక. దాని మెలికకు సగం విరిగిన బిరడా ముక్క ఇంకా అంటుకుని ఉంది. నల్లగా, ఎండిపోయి.

"సాబ్, గిది బంగ్లాలల్ల ఖాన్సామాలు, బేరర్లు నడుముకు కట్టుకుంటుండిరి. దొర పిలుస్తనే సీసా తియ్యాలె గద. నౌకరీ ఇడిశిపెట్టేటప్పుడు మెచ్చి ఇస్తుండె" అన్నాడు.

ఆ బిరడా ముక్కను గోటితో గీరి చూశాను. తరువాత కత్తెర జేబులో పెట్టుకుని బస్సెక్కాను.

మెదక్ దాకా దారంతా మా తాతను ఊహించుకున్నాను. దీపం పట్టుకున్నట్టు కాదు. తెల్ల బట్టలు కట్టుకుని, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, దొర కుర్చీ పక్కన వంగినట్టు. అది మా వియ్యంకుడు జీవితమంతా నిలబడిన తీరు. ఎంగిలి గ్లాసులని నేనన్న మాట ఎవరికి తగలాలో వాళ్ళకే కాక, మా ఇంటి గోడ మీద పూలదండ వేసి ఉన్న తాత ఫోటోకు కూడా తగిలింది. కాని ఆ ఆలోచన నాకు బుద్ధి తేలేదు. ఇంట్లో అడుగుపెట్టగానే భార్య, "ఏమన్నరు?" అంటే, నీళ్ళు తాగి, "డాక్టర్‌దేనట" అన్నాను. ఆమె నా ముఖం చూసి, చేతిలోని గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

అది గురువారం. ఆదివారం నాడు వియ్యంకుడు నలుగురు పెద్దమనుషులను తీసుకుని వచ్చాడు. వాళ్ళ ఊరివాళ్ళు ఇద్దరు, నిజాంపేటలో ఉండే మా రెండిళ్ళ చుట్టం ఒకాయన, మా గల్లీ పెద్ద ఒకాయన. మా మేనత్త కొడుకును నేనే పిలిపించాను. తొట్టెల నాడు ఎవరు నవ్వారో వాళ్ళ ముందే జరగాలని. అందరూ కూర్చున్నారు. వియ్యంకుడు కూర్చోలేదు.

"నేను సరిగ్గ సూడకుంట అన్న. మనసుల పెట్టుకోకుండ్రి. తప్పయింది బావా" అన్నాడు.

నిజాంపేట చుట్టం నా వైపు చూసి, "ఆయన అన్నడు. ఇగ నువ్వు గూడ ఒక మాట అనయ్యా. నువ్వు గూడ తక్వ అన్లేదు" అన్నాడు.

నాకు మాట అనే అవకాశం దొరికింది అక్కడే. కత్తెర సంగతి నాకు తెలిసిందని గాని, బేరరు పని నీచం కాదని గాని, నేనన్న మాట తప్పని గాని, ఈ మూడింటిలో ఏదైనా ఒకటి చెప్పగలిగేవాడిని. అందరూ ఎదురు చూశారు. వియ్యంకుడు కూడా నన్నే చూశాడు. ఆ చూపు నన్ను బతిమాలుతున్నట్టు లేదు. ఆయనకు కావలసింది మనవరాలు. నేను అన్నాను: "ఆయన తప్పొప్పుకున్నడు. నేను మాఫ్ చేసిన. అయిపోయింది."

ఆ మాట అనడం నాకు బాగుంది. అది దాచను. బట్టకు మంచి మడత పడినట్టు బాగుంది.

మరునాడు కూతురికి ఒడిబియ్యం పోసి పంపించాం. బిడ్డ పోయాక ఇల్లు చప్పబడింది. కత్తెరను గుడ్డలో చుట్టి దేవుని అరలో పెట్టాను. రెండు వారాలకు మా గల్లీలో ఒక కాన్పు అయింది. ఆ ఇంటి ముసలామె కడిగిన పళ్ళెంతో వచ్చి, "కత్తెరియ్యి బిడ్డా" అన్నది. నేను ఇచ్చాను. తీరా ఆమె గడప దిగుతుంటే, పిలిచి చెప్పాలనిపించింది. చెప్పలేదు.

పిల్లకు పదో నెల నడుస్తుండగా కూతురు ఫోను చేసింది. మామూలు మాటలు ఏమీ లేవు.

"నాయినా, తొట్టెల నాడు తీసిన ఫొటోల కత్తెర ఉన్నది. ఫోన్ల పెట్టి ఎతికిన. గసొంటియే ఎన్నో వచ్చినయి. అన్నీ సీసాలు తీసేటియే."

"ఫోన్ల అన్నీ నిజాలే ఉంటయా?" అన్నాను.

"నిజమా అని నేనడుగుత లేను. నీకు ఎప్పుడు తెల్సింది? గదొక్కటి చెప్పు."

నా కూతురికి నేను అబద్ధం ఆడగలను. ఎన్నోసార్లు ఆడాను. కాని ఆ పిల్ల ఎప్పుడు అని అడిగింది. ఆ ప్రశ్న నేను వేసే రకం. తప్పించుకునే దారి లేకుండా వేసింది. "మీ మామ రాక ముందు గురువారం" అన్నాను.

అటు వైపు నుంచి బిడ్డ ఏదో పాత్ర నేలకేసి కొడుతున్న చప్పుడు వినిపించింది.

"మా మామ గా దినం ఇంటికొచ్చి బట్టలు గూడ మార్వలేదు నాయినా. పొలంకాడికి పోయి కూసున్నడు. నాకోసం అన్నడు గా మాట. గిట్ల పది మంది ముందట తీస్కున్నవు గద, పది మంది ముందటనే తిరిగియ్యి. పుట్టినరోజుకు అందరొస్తరు. రాకపోతే నాకు ఫోన్ గూడ చెయ్యకు."

మొదటి పుట్టినరోజుకు నేను, మా ఆవిడ బస్సులో పోయాము. దారిలో ఏం చెప్పాలో పెదవులు కదుపుతూ అనుకున్నాను. అర్జీ రాసేటప్పటిలా వరసగా పెట్టుకున్నాను: ఒకటి, కత్తెర సంగతి. రెండు, మా తాత సంగతి. మూడు, ఎంగిలి గ్లాసుల మాట. మా ఆవిడ చూసి, "మూడోది మొదలు చెప్పు. కడమయి ఎట్లనన్న వస్తయి" అన్నది. నేను వరస మార్చలేదు. నాకు ఒకరు చెబితే చేయడం నామోషీ.

వాకిట్లో టెంటు వేశారు. పెద్దమనుషులు నలుగురూ, మా మేనత్త కొడుకూ వచ్చారు. మేము పోయేసరికి వియ్యంకుడు ఎవరితోనో మాట్లాడుతూ కూర్చున్నాడు. నన్ను చూసి తల ఊపాడు, లేవలేదు. కేకు కోసి పిల్ల నోట్లో పెట్టాక, అన్నాలకు లేవబోతుంటే నేను నిలబడ్డాను.

"ఒక్క మాట చెప్పాలె" అన్నాను. కత్తెరను తీసి బల్ల మీద పెట్టాను. "తొట్టెల నాడు బావ చెప్పిందే నిజం. గిది సీసాలు తీసేదే. నేను హైదరాబాదుల అడిగి తెల్సుకున్న. తెల్సినంక గూడ ఆయనతోని తప్పయిందనిపిచ్చిన. మా తాత కంపౌండర్ కాదు. బంగ్లాల బేరర్."

ఎవరూ నవ్వలేదు. మా మేనత్త కొడుకు కూడా. నవ్వితే బాగుండేది.

వియ్యంకుడు కత్తెర వైపు చూడలేదు. నన్ను చూస్తున్నాడు. అందరూ మళ్ళీ సర్దుకుని కూర్చోబోతుంటే ఆయన అడిగాడు: "ఇంకేమన్న ఉన్నదా బావా?"

ఆ గొంతులో కోపం లేదు. సమయం ఇస్తున్న గొంతు. మూడో సంగతి నా నాలుక మీదే ఉంది. దాన్ని అనాలంటే ఆ మాటను మళ్ళీ పలకాలి. ఎంగిలి అనాలి, గ్లాసులు అనాలి, ఆయన భార్య ముందు, ఆయన కొడుకు ముందు, పళ్ళేలు పట్టుకుని వంటల దగ్గర నిలబడ్డ వాళ్ళ ఊరివాళ్ళ ముందు. అన్నప్పుడు ఇంత కష్టం కాలేదు.

"అంతే" అన్నాను.

"రాండ్రి, అన్నం సల్లారిపోతది" అని ఆయన లేచాడు. పర్వాలేదు అనలేదు. పోనీ అనలేదు. భుజం మీద చెయ్యి వేయలేదు. నేను అవన్నీ వస్తాయని ఎదురు చూశాను. రాకపోయేసరికి నాకు లోపల ఎక్కడో పాత అలవాటు లేచింది: ఇంతమంది ముందు ఇంత చెప్పుకున్నాను, ఒక్క మాటైనా అనడా అని. వడ్డించిన విస్తరి ముందు కూర్చుని ఆ మాట నాలో నేను అనుకుంటుండగానే సిగ్గేసింది.

బస్సు దగ్గరకు సాగనంపడానికి కూతురు ఒక్కతే వచ్చింది. బిడ్డను నాకు అందించి, ఎత్తుకోనిచ్చి, బస్సు హారను కొట్టాక తీసుకుంది.

"సగమే చెప్పినవు నాయినా" అన్నది.

"ఎర్కే" అన్నాను.

అది జరిగి ఎంతో కాలం కాలేదు. ఫోను చేస్తే కూతురు ఎత్తుతుంది, బిడ్డ చేత మాట్లాడిస్తుంది, తాను ఎక్కువ మాట్లాడదు. వియ్యంకుడు మొన్న మా పట్టణానికి ఎరువుల పని మీద వచ్చి, మా ఇంటికి రాకుండానే పోయాడని తెలిసింది. నా లోపలి అర్జీల పటేలు వెంటనే కలం తీశాడు. ఆ కలంతోనే ఇది రాస్తున్నాను.

బావా, ఆ రోజు మీరు అడిగినప్పుడు ఇంకొకటి ఉంది. మీరు చేసిన పనిని నేను ఎంగిలి గ్లాసులు కడగడం అన్నాను. ఆ మాట తప్పు. మీరు నన్ను ఏమీ అనకముందే, సంబంధం కలుపుకున్న రోజు నుంచే, మీ పనిని నలుగురి ముందు చెప్పడానికి నాకు నామోషీగా ఉండేది. అది ఇంకా పెద్ద తప్పు.

ఈ కాగితాలు కూతురికి పంపుతున్నాను, ఆయనకు చదివి వినిపించమని. నోటితో అనవలసింది రాసి పంపడం పిరికితనమని నాకు తెలుసు. ఆమె చదువుతుందో, నువ్వే వచ్చి చెప్పు అని తిప్పి పంపుతుందో తెలియదు. తిప్పి పంపితే పోవాలి.